పెంకు వదిలేసిన తాబేలు

గట్టి డిప్ప, చల్లని నెత్తురు, నిదానమైన నడక. చిన్నప్పటి కథల నుంచి తాబేలు గురించి మనం కట్టుకున్న లెక్క ఇది. లెదర్‌బ్యాక్ అనే సముద్ర తాబేలు దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క మొత్తం తప్పుతుంది. దీని వీపు మీద ఉండేది తోలు. ఒంట్లో వెచ్చదనం ఉంటుంది. నడక సంగతి ఎలా ఉన్నా, ఈత మొదలుపెడితే మహాసముద్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటేస్తుంది. తోటి తాబేళ్లు భద్రంగా దాచుకున్న లక్షణాలను ఒక్కొక్కటే వదిలించుకుంటూ వచ్చిన జీవి ఇది. వాటి బదులు సంపాదించుకున్నవి మాత్రం మామూలువి కావు.

916 కిలోల మగది

1988 సెప్టెంబరులో బ్రిటన్‌లోని వేల్స్‌లో, హార్లెక్ అనే ఊరి తీరానికి ఒక మగ లెదర్‌బ్యాక్ కళేబరం కొట్టుకొచ్చింది. తూకం వేస్తే 916 కిలోలు. తూచి నమోదు చేసిన తాబేళ్లలో ఇంతకంటే బరువైనది లేదు. చేపలవాళ్ల తాళ్లలో చిక్కుకుని, పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేక మునిగి చచ్చిపోయింది. సముద్రంలో బతికే జీవి నీళ్లలో మునిగి చావడమేమిటని అనిపిస్తుంది గానీ, తాబేలుకు మొప్పలుండవు, ఊపిరితిత్తులే. ఆ కళేబరాన్ని భద్రపరిచి కార్డిఫ్‌లోని నేషనల్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు.

అన్నీ అంత బరువు తూగవు. ఎదిగిన ఆడది మామూలుగా 250 నుంచి 500 కిలోలు ఉంటుంది. వీపు పొడవు ఒకటిన్నర మీటర్లకు అటూ ఇటూ. ఆంధ్ర తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీలు ఏ పదో కలిస్తే ఒక లెదర్‌బ్యాక్ బరువు. ఆడదాని కొలతలే ఎందుకు చెబుతున్నానంటే శాస్త్రవేత్తల పుస్తకాల్లో ఉన్నవి దాదాపు అన్నీ అవే. గుడ్ల కోసం ఒడ్డెక్కేది ఆడది ఒక్కటే. మగపిల్ల ఒకసారి ఇసుకలోంచి బయటపడి నీళ్లలోకి పోయిందంటే, బతికినన్నాళ్లూ మళ్లీ నేల తొక్కదు. అలాంటిది ప్రపంచ రికార్డు ఒక మగదాని పేరున ఉండటం, అదీ చచ్చి ఒడ్డుకు రావడం వల్లే తెలియడం విచిత్రమే.

తోలు కింద ఏముంది?

మామూలు తాబేలులో వెన్నెముక, పక్కటెముకలు, పైపెంకు కలిసిపోయి ఒకే కవచంగా ఉంటాయి. పైన మన గోళ్లలో ఉండే పదార్థంతోనే తయారైన పలకలు. లెదర్‌బ్యాక్‌లో ఆ కూర్పు విడిపోయింది. పక్కటెముకలు వేటికవే ఉంటాయి. వాటి మీద నూనె ఇంకిన దళసరి పీచు కండ, దాని మీద ఒకదాని అంచు ఒకటి పట్టుకున్న వేలాది చిన్న ఎముక బిళ్లలు, అన్నిటికీ పైన పల్చటి నల్లని చర్మం. వీపు పొడుగునా తల నుంచి తోక దాకా ఏడు గట్లు. చేత్తో నొక్కితే గట్టి రబ్బరు తగిలినట్టే గానీ పెంకు తగిలినట్టు ఉండదు.

కాళ్లు తెడ్లుగా మారడం సముద్ర తాబేళ్లన్నిటికీ ఉన్నదే. మిగతావాటికి ఆ తెడ్ల మీద ఒకటి రెండు గోళ్లయినా మిగిలాయి. దీనికి అవీ లేవు. భారీ తాబేళ్లలో ముందు తెడ్లు రెండూ చాపితే రెండున్నర మీటర్లు దాటుతాయి.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల మాత్రం ఇలా ఉండదు. ఒళ్లంతా పూసల్లాంటి పొలుసులు, వీపు గట్ల వెంట తెల్లని చుక్కల వరసలు. పెరిగే కొద్దీ పొలుసులు రాలిపోయి తోలు మిగులుతుంది.

ఉత్తరం అందుకున్నవాడికి దక్కిన పేరు

ఈ తాబేలు శాస్త్రీయ నామం డెర్మోకెలిస్ కోరియేసియా. దాని వెనక ఒక పోపు, ఒక ప్రకృతి శాస్త్రవేత్త, రెండు వందల ఏళ్ల పొరపాటు ఉన్నాయి. 1760లో ఇటలీ పడమటి తీరాన దొరికిన ఒక పెద్ద తాబేలును పోపు 13వ క్లెమెంట్ పాదువా విశ్వవిద్యాలయానికి కానుకగా పంపారు. పోపు కాకముందు ఆయన పాదువాకే బిషప్పు, కాబట్టి పాత ఊరి మీద మమకారమే అనుకోవాలి. దాన్ని పరిశీలించిన దొమెనికో వాండెల్లి 1761లో తన వర్ణనను ఒక ఉత్తరం రూపంలో అచ్చు వేశాడు. ఆ ఉత్తరం ఎవరికంటే, జీవుల వర్గీకరణకు ఆనాటి పెద్దదిక్కు, స్వీడన్ పండితుడు లినేయస్‌కు. లినేయస్ 1766లో తన మహాగ్రంథం కొత్త కూర్పులో ఆ పేరును చేర్చుకున్నాడు. తర్వాతి తరాలు పేరు పెట్టిన ఘనతను లినేయస్‌కే కట్టబెట్టాయి. రాసినవాడి సొత్తు అందుకున్నవాడి ఖాతాలో పడిందని 1980లో ఇద్దరు ఫ్రెంచి పరిశోధకులు పాత కాగితాలు తిరగేసి తేల్చారు. ఇప్పుడు జాతి పేరు పక్కన ‘వాండెల్లి, 1761’ అనే రాస్తారు. పోపు పంపిన తాబేలు పాదువా జంతుశాస్త్ర మ్యూజియంలోనే ఉంది.

పేరు తేలినా స్థానం తేలలేదు. పెంకు తీరు ఇంత వేరుగా ఉంటే దీన్ని మిగతా తాబేళ్లతో కలిపి ఎలా కూర్చోబెట్టాలి? 1871లో అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోప్ తెగించి రెండు గుంపులు చేశాడు. ఒక గుంపులో లెదర్‌బ్యాక్, రెండో గుంపులో లోకంలోని తక్కిన తాబేళ్లన్నీ! దీనికి ఎదురువాదన వినిపించినవాళ్లలో బెల్జియం శాస్త్రవేత్త లూయీ డోలో వాదం ఆసక్తికరమైనది. పరిణామంలో పోగొట్టుకున్నది అదే రూపంలో తిరిగి రాదన్న తన సూత్రానికి ఆయన ఈ తాబేలునే సాక్షిగా నిలబెట్టాడు. దీని పూర్వీకుల పాత పెంకు సన్నగిల్లిపోయింది. మళ్లీ కవచం కావాల్సివచ్చినప్పుడు ఆ పెంకు తిరిగి మొలవలేదు, చర్మంలోంచి కొత్తగా బిళ్లలు పుట్టుకొచ్చాయి. అంటే ఇది తాబేళ్ల వంశంలోంచి వచ్చినదే, వేరు కుంపటి పెట్టిందంతే.

డీఎన్‌ఏ వచ్చాక గొడవ సద్దుమణిగింది. లోకంలో సముద్ర తాబేళ్లు ఏడు జాతులు. పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లాగర్‌హెడ్, ఆలివ్ రిడ్లీ, కెంప్స్ రిడ్లీ, ఫ్లాట్‌బ్యాక్ ఒక కుటుంబం. లెదర్‌బ్యాక్ ఒక్కటే ఇంకో కుటుంబం. దాని కుటుంబంలో ఒకప్పుడు చాలా జాతులు ఉన్నట్టు శిలాజాలు చెబుతున్నాయి. బతికి ఉన్నది ఇదొక్కటే. కెంప్స్ రిడ్లీ, ఫ్లాట్‌బ్యాక్ తప్ప మిగతా ఐదూ భారత జలాల్లో కనిపిస్తాయి.

2023లో లెదర్‌బ్యాక్, పచ్చ తాబేళ్ల జన్యుపటాలను పక్కపక్కన పెట్టి చూశారు. రెండు వంశాలూ విడిపోయి కోట్ల ఏళ్లయింది. అయినా రెండింటి క్రోమోజోముల అమరిక ఆశ్చర్యం కలిగించేంత ఒకేలా ఉంది. తేడాలు కొన్ని చోట్లే పోగుపడ్డాయి. వాసన పసిగట్టే జన్యువులు పచ్చ తాబేలులో ఎక్కువ, దీనిలో తక్కువ. తీరం పక్కన రకరకాల గడ్డీ గాదం మధ్య తిరిగేదానికి ముక్కు అవసరం, నడిసముద్రంలో తిరిగేదానికి అంత అవసరం లేదన్నది ఒక వివరణ. లెదర్‌బ్యాక్‌లో జన్యు వైవిధ్యం బాగా తక్కువగా ఉందని కూడా అప్పుడే బయటపడింది. ఆ తక్కువదనం ఈ మధ్య వచ్చింది కాదు, చాలా పాతది.

చలినీళ్లలో వెచ్చని ఒళ్లు

సరీసృపం ఒళ్లు చుట్టూ ఉన్న గాలి, నీరు ఎంత వేడో అంతే వేడి అని బడిలో చదువుకున్నాం. 1972లో అమెరికన్, కెనడియన్ పరిశోధకులు ఒక లెదర్‌బ్యాక్ లోపలి ఉష్ణోగ్రత కొలిచారు. నీళ్లు 7.5 డిగ్రీలు, తాబేలు ఒళ్లు 25.5 డిగ్రీలు. పద్దెనిమిది డిగ్రీల తేడా! కెనడా తీరంలో ఒక తాబేలు 0.4 డిగ్రీల నీటిలోకి, అంటే గడ్డకట్టడానికి ఇంకాస్తే మిగిలిన నీటిలోకి మునిగినట్టు తర్వాత పరికరాల్లో నమోదైంది. మిగతా సముద్ర తాబేళ్లు ఆ చలికి కొయ్యబారిపోతాయి. లెదర్‌బ్యాక్ నార్వే ఉత్తర కొస దాకా పోతుంది.

అలాగని క్షీరదాల్లాగా లోపల కొలిమి మండదు. ఇక్కడ కిటుకు వేడిని పుట్టించడంలో కంటే పోనివ్వకపోవడంలో ఉంది. మొదటిది, ఒంటి పరిమాణం. పెద్ద ఒంటికి బరువుతో పోలిస్తే బయటి చర్మం తక్కువ, కాబట్టి వేడి నిదానంగా పోతుంది. రెండోది, ఒళ్లంతా పరుచుకున్న కొవ్వు, నూనె. మూడోది, తెడ్ల మొదట్లో ఉన్న రక్తనాళాల అమరిక. గుండె నుంచి వేడి నెత్తురు తెచ్చే ధమనులూ, తెడ్ల నుంచి చల్లబడిన నెత్తురు తెచ్చే సిరలూ కట్టలు కట్టలుగా ఆనుకుని నడుస్తాయి. పోయే నెత్తురు వేడి వచ్చే నెత్తురుకు అందుతుంది, చలి ఒంట్లోకి రాదు. ఉష్ణమండలంలో గుడ్లు పెట్టడానికి వచ్చినప్పుడు ఇదే పని తలకిందులు చేయాలి. తెడ్లలోకి నెత్తురు ఎక్కువగా పంపి అదనపు వేడిని వదిలించుకుంటుంది.

ఈ పద్ధతిని ఫ్రాంక్ పలడీనో, జిమ్ స్పొటీలా బృందం 1990లో వివరించినప్పుడు వాళ్ల మనసులో ఇంకో ప్రశ్న కూడా ఉంది: డైనోసార్లు ఎలా వెచ్చగా ఉండేవి? ఒళ్లు పెద్దదైతే చాలు, వేగంగా మండే జీవక్రియ లేకుండానే వెచ్చగా ఉండొచ్చని లెదర్‌బ్యాక్‌ను చూపి వాదించారు. చచ్చిపోయిన జీవుల గురించి బతికున్న తాబేలు చేత సాక్ష్యం చెప్పించడం నాకు భలే నచ్చింది.

నీళ్లు తిని బతికేది

అంత ఒళ్లు పోషించడానికి ఏం తింటుంది? జెల్లీ చేపలు. అవి చేపలూ కావు, వాటిలో తిండీ పెద్దగా లేదు. నూటికి 95 పాళ్లు నీళ్లే. కెనడా అట్లాంటిక్ తీరంలో తాబేళ్ల వీపున కెమెరాలు కట్టి చూసిన పరిశోధకులు 2012లో లెక్క చెప్పారు. ఒక్కో తాబేలు రోజుకు సగటున 330 కిలోల జెల్లీ చేపలు తింటోంది. తన బరువులో 73 శాతం! వేసవి పొడుగునా అలా మేసి, ఆ కొవ్వుతో వేల కిలోమీటర్లు ఈది, గుడ్లు పెట్టి వస్తుంది.

జారిపోయే ఆ తిండిని పట్టడానికి పై దవడకు రెండు కోరల్లాంటి మొనలున్నాయి. నోరు తెరిస్తే కనిపించేది ఇంకా భయంకరం. పనసకాయను తిరగేసి ముళ్లు లోపలికి పెట్టినట్టు గొంతు నిండా ముళ్లే. అన్నీ కడుపు వైపుకే వంగి ఉంటాయి. మింగిన జెల్లీ చేప వెనక్కి రాదు, దాంతో వచ్చిన సముద్రపు నీరు మాత్రం బయటికి పోతుంది. అన్నవాహిక కూడా నేరుగా కడుపులోకి పోకుండా పొడుగ్గా కిందికి సాగి, మెలిక తిరిగి వెనక్కి వస్తుంది. సరుకు ఎక్కువ కదా, నిలవకు చోటు కావాలి.

ఈ తిండితో ఇంకో చిక్కు, ఉప్పు. జెల్లీ చేప సముద్రమంత ఉప్పగా ఉంటుంది. తాబేలు కళ్ల వెనక, దాని మెదడు కంటే పెద్దవైన రెండు ఉప్పు గ్రంథులు ఉంటాయి. ఒంట్లో చేరిన ఉప్పును అవి చిక్కటి కన్నీళ్లుగా బయటికి పంపుతాయి. గుడ్లు పెడుతూ తల్లి తాబేలు ఏడుస్తుందని చూసినవాళ్లు కరిగిపోయి చెబుతుంటారు. ఏడుపు కాదు, అది నిత్యం జరిగే ఉప్పు పారబోత.

తేలే ప్లాస్టిక్ సంచికీ జెల్లీ చేపకీ తేడా దీనికి తెలియదు. 1885 నుంచి చచ్చిన లెదర్‌బ్యాక్‌లను కోసి చూసిన 408 రికార్డులను 2009లో ఒకచోట చేర్చి చూస్తే, 34 శాతం కడుపుల్లో ప్లాస్టిక్ ఉంది. వెనక్కి రానివ్వని ఆ గొంతు ముళ్లే ఇక్కడ శత్రువులవుతాయి.

నెత్తి మీద గులాబీ మచ్చ

నల్లని తల మీద ఒకచోట గులాబీ రంగు మచ్చ ఉంటుంది. మన వేలిముద్రల్లాగే ఏ రెండింటికీ ఒకేలా ఉండదు కాబట్టి పరిశోధకులు ఫొటో తీసి గుర్తుపట్టడానికి వాడుకుంటారు. దాని అడుగున పుర్రె ఎముక పల్చబడి ఉంటుంది, దానికింద పీనియల్ గ్రంథి. కాలచక్రాన్ని ఒంటికి తెలియజేసే గ్రంథి అది. రంగు లేని ఈ కిటికీ గుండా వెలుతురు దిగి, పగటి పొద్దు తగ్గుతోందని, ఉత్తరపు సముద్రాలు వదిలి దక్షిణానికి బయల్దేరాలని తాబేలుకు తెలుస్తుందని ఒక ప్రతిపాదన.

కిలోమీటరుకు పైగా కిందికి

మామూలుగా దీని మునకలు 200, 250 మీటర్లు దాటవు. అప్పుడప్పుడు మాత్రం 1,200 మీటర్లు దాటి పోతుంది. నిలువునా కిలోమీటరుకు పైగా నీరు మీద పడితే గట్టి పెంకు పగులుతుంది, లొంగే పెంకు లొంగుతుంది. వీపును తోలుగా మార్చుకున్నందుకు లాభం ఇక్కడ తెలుస్తుంది. ఊపిరితిత్తులు అణిగిపోయినా ఫర్వాలేదు. కావాల్సిన ప్రాణవాయువు నెత్తురులో, కండల్లో ముందే నిలవ ఉంటుంది. గంటకు పైగా నీటి అడుగునే ఉండగలదు.

కంట్లో ఎముకలు, వయసు లెక్క

వయసు ఎంతో చెప్పడం దీని విషయంలో పెద్ద తలనొప్పి. మిగతా తాబేళ్లలో భుజం ఎముక కోసి, చెట్టు మానులో చూసినట్టు వలయాలు లెక్కపెడతారు. దీని ఎముకలు ఆ పనికి సరిగా ఒప్పుకోవు. అవి పెరిగే తీరే వేరు. ఎముక కొసల్లోని మృదులాస్థిలోకి రక్తనాళాలు చొచ్చుకుని ఉంటాయి. సరీసృపాల్లో అరుదైన, పాలిచ్చే జంతువుల్లో మామూలైన నిర్మాణం ఇది. వేగంగా పెరిగేదన్నదానికి గుర్తు కూడా.

అందుకని శాస్త్రవేత్తలు కంటి వైపు చూశారు. కనుగుడ్డు చుట్టూ చిన్న ఎముక రేకులు వలయంగా పేర్చి ఉంటాయి, ఎదుగుదల గీతలు వాటిలో దొరుకుతాయి. వాటిని చదివి 1996లో ఒక అధ్యయనం ఈ తాబేలు 13, 14 ఏళ్లకే ఈడుకొస్తుందని చెప్పింది. 2009లో కంటి రేకులనే చదివిన ఇంకో బృందం కాదు, 24 నుంచి 29 ఏళ్లు అంది. ఈ తేడా తమాషా విషయం కాదు. ఒక తీరంలో ఈ ఏడాది పిల్లల్ని కాపాడితే, అవి తల్లులై తిరిగి రావడం ఎప్పుడన్నది దాని మీదే ఆధారపడి ఉంది. పన్నెండేళ్ల తేడా అంటే ఒక సంరక్షణ అధికారి ఉద్యోగ జీవితంలో సగం.

గుడ్లలో గుడ్లు కానివి

ఆడది రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక తెడ్లతో ముప్పావు మీటరు లోతు గొయ్యి తీస్తుంది. ఆ గొయ్యి తీయడం చూడదగ్గ పని. గొయ్యిలోకి కన్ను పోదు, వెనక ఏం జరుగుతోందో తను చూడలేదు. కుడి తెడ్డు ఒకసారి, ఎడమ తెడ్డు ఒకసారి గుప్పెడు గుప్పెడు ఇసుక తోడి పక్కన పోస్తాయి. అందులో 65 నుంచి 85 దాకా గుడ్లు పెడుతుంది. వాటి పైన, పచ్చసొన లేని చిన్న గుడ్లు ఓ ముప్పై. ఇవి పొదగవు. గూట్లో గాలి ఆడటానికో, తేమ నిలవడానికో, పురుగూ పుట్రా ముందు వీటి మీద పడటానికో అని ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు.

తొమ్మిది, పది రోజులకు మళ్లీ వచ్చి పెడుతుంది. ఒకే కాలంలో ఇలా ఆరేడు సార్లు. తర్వాత రెండు మూడేళ్లు ఆ తీరం మొహం చూడదు. దాదాపు అరవై రోజులకు పిల్లలు వస్తాయి. ఆడా మగా అన్నది తల్లిదండ్రులు తేల్చరు, ఇసుక తేలుస్తుంది. గూడు వేడి సుమారు 29.5 డిగ్రీలుంటే సగం సగం. కాస్త పైకి పోతే అన్నీ ఆడవి, కాస్త దిగితే అన్నీ మగవి.

గుడ్డులో ఉండగానే పిల్లలు చప్పుళ్లు చేస్తాయని మెక్సికో గూళ్లలో మైకులు దించి 2014లో రికార్డు చేశారు. అన్నీ ఒకేసారి ఇసుక తవ్వుకుని బయటపడటానికి ఆ సంకేతాలు పనికొస్తాయని పరిశోధకుల ఊహ.

ఇల్లు మార్చే అలవాటు

పుట్టిన తీరానికే తిరిగొచ్చి గుడ్లు పెడతాయని సముద్ర తాబేళ్లకు పేరు. లెదర్‌బ్యాక్ ఇందులోనూ కొంచెం పట్టువిడుపు చూపిస్తుంది. దిబ్బలూ రాళ్లూ లేకుండా ఒక్కసారిగా లోతు దిగే, అలలు నేరుగా కొట్టే ఇసుక తీరాలంటే దానికి ఇష్టం. బరువైన ఒంటిని రాళ్ల మీద ఈడ్చలేదు, కింద పెంకు కూడా లేదు కదా. అలాంటి తీరాలు నిలకడగా ఉండవు, ఏటా కోసుకుపోతూ కొత్తగా ఏర్పడుతూ ఉంటాయి. కాబట్టి ఒకే చోటును పట్టుకుని కూర్చుంటే కుదరదు.

ఈ గుణానికి పెద్ద పరీక్ష 2004 డిసెంబరు 26న వచ్చింది. భారతదేశంలో లెదర్‌బ్యాక్‌లు చెప్పుకోదగ్గ సంఖ్యలో గుడ్లు పెట్టేది అండమాన్ నికోబార్ దీవుల్లోనే. అందులోనూ గ్రేట్ నికోబార్ దక్షిణాన ఉన్న గలాథియా బే ముఖ్యమైనది. సునామీ నాటి భూకంపంతో ఆ దక్షిణ కొస నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అక్కడి ఇందిరా పాయింట్ లైట్‌హౌస్ మొదలు నీళ్లలో నిలబడింది. గుడ్ల తీరాలు మాయమయ్యాయి. కొన్నేళ్లకు అలలు కొత్త ఇసుక పేర్చాయి, తాబేళ్లు మళ్లీ వచ్చాయి.

ఈ దీవుల రాజధాని పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీవిజయపురం)లోని జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల క్రితం వలసపోయిన తెలుగు మత్స్యకార కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. కాబట్టి ఈ తాబేలు పొరుగున తెలుగు వినపడదని అనుకోనక్కర్లేదు.

ఉపగ్రహం వెంటపడితే

ఇండోనేషియాలోని పాపువాలో జమూర్స్‌బా మేది తీరాన గుడ్లు పెట్టిన ఒక ఆడ తాబేలు వీపుకు ట్రాన్స్‌మిటర్ కట్టారు. పసిఫిక్ దాటి అమెరికాలోని ఒరెగాన్ తీరం దాకా పోయి, వెనక్కి తిరిగి హవాయి వైపు వచ్చేసరికి సంకేతం ఆగింది. 647 రోజులు, 20,558 కిలోమీటర్లు. జెల్లీ చేపల కోసం!

లిటిల్ అండమాన్ తాబేళ్లకు బెంగళూరు ఐఐఎస్‌సీలోని కార్తీక్ శంకర్ బృందం 2011 నుంచి ఇలాగే ట్రాన్స్‌మిటర్లు కట్టింది. ఒకే తీరం నుంచి బయల్దేరినవి ఒకే దారి పట్టలేదు. కొన్ని సుమత్రా పక్కగా దక్షిణానికి దిగి ఆస్ట్రేలియా పడమటి తీరం వైపు పోయాయి. కొన్ని హిందూ మహాసముద్రాన్ని అడ్డంగా కోసి ఆఫ్రికా వైపు. వాటిలో ఒకటి 13 వేల కిలోమీటర్లు దాటి మొజాంబిక్ దాకా వెళ్లింది.

సీసాలో ఉత్తరం పంపిన మనిషి

ఇంత సమాచారం లేనప్పుడు, 1970ల చివర్లో, అండమాన్ నికోబార్ తీరాలను కాలినడకన చుట్టి తాబేలు జాడలు లెక్కపెట్టిన మనిషి సతీశ్ భాస్కర్. మద్రాస్ ఐఐటీ చదువు మధ్యలో వదిలేసి, పాముల నిపుణుడు రోములస్ విటేకర్ బృందంతో చేరి తాబేళ్ల వెంట పడ్డాడు. దేశంలోని తీరాలు, దీవులు కలిపి నాలుగు వేల కిలోమీటర్లకు పైగా నడిచాడంటారు. లిటిల్ అండమాన్‌లో, గ్రేట్ నికోబార్‌లో లెదర్‌బ్యాక్‌లు గుడ్లు పెడుతున్నాయని మనకు వివరంగా చెప్పింది ఆయనే. 1980ల మధ్యలో పాపువాకు పోయి, దాదాపు ఒంటి చేత్తో వందల లెదర్‌బ్యాక్‌లకు గుర్తు బిళ్లలు తగిలించాడు.

1982 వానాకాలంలో పచ్చ తాబేళ్ల కోసం లక్షద్వీప్‌లోని సుహేలి అనే జనం లేని దీవిలో నెలల తరబడి ఒంటరిగా ఉన్నాడు. ఆ కాలంలో పడవలు తిరగవు. భార్యకు ఉత్తరం రాసి సీసాలో బిగించి సముద్రంలో వేశాడు. అది శ్రీలంకలో ఒక జాలరికి దొరికింది. ఆయన దాన్ని పోస్టు చేశాడు, ఉత్తరం అందింది! సతీశ్ భాస్కర్ 2023లో కన్నుమూశారు. ఈ దేశంలో సముద్ర తాబేళ్ల మీద పనిచేసే ఎవరి పుస్తకం తెరిచినా ఆయన పాత నోట్సు ప్రస్తావన వస్తుంది.

ఎలా తగ్గిపోయాయి?

మలేషియాలోని తెరెంగ్గాను రాష్ట్రం, రంతావ్ అబాంగ్ తీరం. 1950లలో అక్కడ ఏటా పదివేల దాకా గూళ్లు ఉండేవి. గుడ్లను దశాబ్దాల పాటు తోడి అమ్ముకున్నారు. చేపల వలలు పెద్దవాటిని మింగాయి. తర్వాత మేలుకుని హ్యాచరీలు పెట్టారు గానీ, నీడ లేని ఇసుకలో పొదిగిన గుడ్ల నుంచి దాదాపు అన్నీ ఆడపిల్లలే వచ్చాయి. ఇప్పుడు అక్కడ లెదర్‌బ్యాక్ లేనట్టే లెక్క.

కోస్టారికాలోని ప్లాయా గ్రాందేలో 1988–89 కాలంలో 1,367 ఆడ తాబేళ్లు వచ్చాయి. పదేళ్లకు, 1998–99లో వచ్చినవి 117. అక్కడ తీరాన్ని అప్పటికే కాపాడుతున్నారు. చావు నడిసముద్రపు వలల్లో, గాలాల్లో జరిగింది.

అట్లాంటిక్ వైపు కథ ఇంత దారుణంగా లేదు. పశ్చిమాఫ్రికాలోని గబాన్ తీరం, కరీబియన్‌లో ట్రినిడాడ్ ఇప్పటికీ పెద్ద స్థావరాలు. అందుకే అంతర్జాతీయ ఎర్ర జాబితాలో జాతి మొత్తానికి ‘ముప్పు ఉన్నది’ అన్న మెట్టు, పసిఫిక్ రెండు వైపుల గుంపులకు మాత్రం అంతరించడానికి ఒక్క అడుగు ముందున్న మెట్టు. లోకం మొత్తానికి ఒకే మాట చెబితే పసిఫిక్ సంగతి కప్పబడిపోతుందని నా అభిప్రాయం. మన దేశంలో ఇది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. పులికి ఎంత రక్షణో దీనికీ కాగితం మీద అంతే.

వలలో తలుపు

ట్రాలర్ వలలో తాబేలు పడితే బయటికి పోవడానికి ఒక చట్రం, ఒక తలుపు పెట్టే ఏర్పాటుంది. దాన్నే టెడ్ అంటారు. రొయ్యలు చట్రం సందుల్లోంచి వల కొసకు పోతాయి, తాబేలు చట్రానికి తగిలి తలుపు గుండా బయటపడుతుంది. మొదట్లో పెట్టిన తలుపులు రిడ్లీలకు సరిపోయాయి గానీ లెదర్‌బ్యాక్ వాటిలో పట్టలేదు. 2003లో అమెరికా నిబంధనలు మార్చి తలుపును 71 అంగుళాలకు పెంచింది.

టెడ్ లేని వలల రొయ్యలు కొనబోమని అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపింది. ఆంధ్ర చెరువుల్లో పెంచే రొయ్యలకు ఈ అడ్డు లేదు, ఎందుకంటే చెరువులో తాబేలు ప్రసక్తే రాదు. కాకినాడ, విశాఖ మరబోట్ల వాళ్లకు మాత్రం ఇది జేబుకు తగిలే సంగతే.

ఒకే నెలలో రెండు కాగితాలు

గలాథియా బే 1997లో అభయారణ్యం అయింది, ప్రధానంగా ఈ తాబేలు కోసం. 2021 జనవరిలో జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం ఆ హోదా తీసేయడానికి ఒప్పుకుంది. అక్కడ కంటెయినర్ల ఓడరేవు కట్టాలన్నది ప్రభుత్వ ఆలోచన. అదే జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ జాతీయ సముద్ర తాబేళ్ల కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. అందులో ముఖ్యమైన తాబేలు తీరాల్లో గలాథియా బే పేరుంది. ఒక చేయి రాసింది ఇంకో చేయి చదవలేదనుకోవాలా, చదివే అలా చేసిందనుకోవాలా?

లెదర్‌బ్యాక్ ఎలాగూ తీరాలు మారుస్తుంది కదా, పక్క తీరానికి పోతుందిలే అనే వాదన ఒకటి వినిపిస్తుంది. మారుస్తుంది, నిజమే. సునామీ తీసుకుపోయిన ఇసుకను అలలు మళ్లీ తెచ్చి పోశాయి కాబట్టి మార్చగలిగింది. ఓడరేవు కోసం అలలకు అడ్డంగా వేసే రాతి గోడలు ఇసుకను వెనక్కి తెచ్చి పోయవు. ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి 2022 నవంబరులో వచ్చింది. గలాథియాలో తాబేళ్లు గుడ్లకు ఒడ్డెక్కడం మొదలయ్యేది కూడా ఆ రోజుల్లోనే.